మిర్యాము కోసం ఆగిన పాళెం

(రాయచూరు జిల్లాలో తెలుగు క్రైస్తవ యువజనుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ మాటలు మా సంఘంలో కొందరం కలిసి కూర్చుని, వాదించుకుని రాసుకున్నవి. చదివేది ఒక్కరే అయినా మాట అందరిదీ. అందుకే 'నేను' అనకుండా 'మేము' అంటాం. తప్పు ఒప్పుకోవలసిన చోట కూడా 'మేము' అనే అంటాం.

మాకిచ్చిన అంశం: మహమ్మారి వచ్చినప్పుడు ప్రజల ఆరోగ్యం ముఖ్యమా, బతుకుతెరువు ముఖ్యమా? లాక్‌డౌన్ పెట్టడం న్యాయమా, అన్యాయమా? ఈ సంగతి చెప్పగానే ఒక తమ్ముడు, "అన్నా, అది అయిపోయిన కథ కదా, మాస్కులు ఎప్పుడో తీసి పారేశాం, ఇప్పుడెందుకు?" అన్నాడు. మంచి ప్రశ్నే. మా జవాబు రెండు ముక్కలు. ఒకటి, ఇలాంటి జబ్బు మళ్లీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేదు. రెండు, పోయినసారి లెక్క ఇంకా తేలలేదు. ఎవరు ఎంత కట్టారో చూడకుండా ఖాతా మూసేశాం.

మన నేల, మన మనుషులు

మనం కూర్చున్నది కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న నేల. ఒకప్పుడు నిజాం రాజ్యం. 1956 నవంబరు 1న మైసూరు రాష్ట్రంలో కలిసింది. సరిహద్దు పల్లెల్లో తరతరాలుగా తెలుగే మాట్లాడేవాళ్లున్నారు. తుంగభద్ర డ్యాం కట్టి ఎడమ కాలువ నీళ్లు వచ్చాక సింధనూరు, మాన్వి వైపు ఆంధ్ర నుంచి వచ్చి భూములు కొని క్యాంపులు కట్టుకున్నవాళ్లున్నారు. ఆ పొలాల్లో నాట్లు వేసేవాళ్లు, కలుపు తీసేవాళ్లు, మిరపకాయ కోసేవాళ్లు వేరే. మన సంఘాల్లో ఈ రెండు రకాల వాళ్లూ ఉన్నారు. ఆదివారం ఒకే ప్రార్థనలో కూర్చుంటాం, సోమవారం ఒకరు గట్టు మీద, ఇంకొకరు బురదలో ఉంటాం.

కాలువ నీళ్లు అందని ఊళ్ల సంగతి మీకు చెప్పనక్కరలేదు. పంట పని అయిపోగానే సంచీ సర్దుకుని బెంగుళూరుకో, హైదరాబాదుకో, పూణేకో, ముంబైకో బయలుదేరాలి. ఇక్కడి కన్నడంలో దాన్ని 'గుళె' అంటారు. పిల్లల్ని ముసలి తల్లి దగ్గర వదిలి పెళ్లాం మొగుడూ కట్టడం పనికి పోతారు. 2018లో కేంద్రం దేశమంతా వెనకబడిన జిల్లాల జాబితా వేసి వాటికి 'ఆకాంక్షిత జిల్లాలు' అని పేరు పెట్టింది. కర్ణాటకలో ఆ జాబితాలోకి వచ్చినవి రాయచూరు, యాదగిరి.

లాక్‌డౌన్ మాట విన్నప్పుడు ఈ మనుషులు మన కళ్లముందు ఉండాలి. అప్పుడే ప్రశ్న సరిగ్గా అర్థమవుతుంది.

నాలుగు గంటల గడువు

2020 మార్చి 24 రాత్రి ఎనిమిది గంటలకు ప్రధానమంత్రి టీవీలో మాట్లాడారు. అర్ధరాత్రి నుంచి 21 రోజులు దేశమంతా మూత అన్నారు. గడువు నాలుగు గంటలు. మేము ఇంట్లో కూర్చుని విన్నాం. మాలో నెలజీతం ఉన్నవాళ్లం "మంచి పని చేశారు" అనుకున్నాం. మరునాడు కిరాణా కొట్టు దగ్గర వరుసలో నిలబడి రెండు నెలలకు సరిపడా సరుకులు తెచ్చుకున్నాం. అదే రాత్రి బెంగుళూరులో సగం కట్టిన అపార్టుమెంటు పక్కన, రేకుల షెడ్డులో మన జిల్లా మనుషులు ఉన్నారు. రేపు పని లేదు. పని లేకపోతే కూలి లేదు. కూలి లేకపోతే అన్నం లేదు. బస్సు లేదు, రైలు లేదు.

సింధనూరు తాలూకాకు చెందిన ఒక చెల్లెలి సంగతి పత్రికల్లో వచ్చింది. వయసు 29. బెంగుళూరులో కట్టడం పని చేసేది. పని ఆగిపోయింది. తోటివాళ్లతో కలిసి ఇంటికి బయలుదేరింది. 300 కిలోమీటర్లు దాటిన దారి. చాలా దూరం నడిచింది. బళ్లారి దాకా వచ్చి, ఏప్రిల్ మొదటి వారంలో ఆస్పత్రిలో చనిపోయింది. ఆకలి అనీ, అలసట అనీ, వేరే జబ్బు అనీ కారణం మీద వాదనలు నడిచాయి. ఇల్లు మాత్రం చేరలేదు.

ఇప్పుడు ఇంకొక సంగతి దాని పక్కన పెట్టి చూడండి. ఏప్రిల్ ఆఖరున కేంద్రం దేశంలోని 733 జిల్లాలను ఎరుపు, నారింజ, పచ్చ అని విడదీసింది. రాయచూరు పచ్చ జాబితాలో ఉంది. అంటే అప్పటికి ఇక్కడ కరోనా లేదు. మే నెల నడిమిలో, మహారాష్ట్ర నుంచి తిరిగి వచ్చినవాళ్లలో కేసులు బయటపడేదాకా రాయచూరు పచ్చగానే ఉంది. కరోనా జిల్లాలోకి రాకముందే లాక్‌డౌన్ మన మనిషిని తీసుకుపోయింది. ఆమె పేరు కరోనా మృతుల లెక్కలో ఉండదు, ఏ లెక్కలోనూ ఉండదు.

రెండో వైపు కూడా చూద్దాం

ఇంతవరకు విని, "అయితే లాక్‌డౌన్ తప్పే, జబ్బు జబ్బే, పని పనే అని వదిలేయాల్సింది" అని ఎవరైనా అనుకుంటే, కాస్త ఆగండి. 2021 కూడా గుర్తు చేసుకుందాం.

ఆ ఏడాది ఏప్రిల్ 17న మన జిల్లాలోనే మస్కి ఉప ఎన్నిక జరిగింది. రెండో అల అప్పటికే లేచింది. అయినా సభలు జరిగాయి, ఊరేగింపులు జరిగాయి, పెద్ద పెద్ద నాయకులు వచ్చి వెళ్లారు. పది రోజులకు, ఏప్రిల్ 27 రాత్రి నుంచి, రాష్ట్రమంతా కర్ఫ్యూ. మే 10 నుంచి ఇంకా గట్టి లాక్‌డౌన్. మే మొదటి వారంలో చామరాజనగర్ జిల్లా ఆస్పత్రిలో ఆక్సిజన్ అందక ఒక్క రాత్రిలో 24 మంది చనిపోయారన్న వార్త వచ్చింది. మన ఊళ్లలో ఆ నెలలో ఎన్ని సమాధులు తవ్వామో మీకూ తెలుసు, మాకూ తెలుసు. సమాధి కార్యక్రమానికి నలుగురు కూడా రాలేదు. కాపరి దూరం నుంచి ప్రార్థన చేసి వెళ్లిపోయిన రోజులున్నాయి.

2020, 2021 రెండేళ్లలో మన దేశంలో కరోనా మృతులు 4.8 లక్షలని ప్రభుత్వ లెక్క. మామూలు కంటే అదనంగా పోయిన ప్రాణాలు 47 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన ప్రభుత్వం ఆ అంచనాను ఒప్పుకోలేదు. ఏ లెక్క తీసుకున్నా జబ్బు చిన్నది కాదు. రాయచూరు లాంటి జిల్లాలో ఆస్పత్రి మంచాలు ఎన్ని, ఆక్సిజన్ ఎంత, డాక్టర్లు ఎంతమంది అని ఆలోచిస్తే, జబ్బు వేగాన్ని తగ్గించడానికి జనాన్ని ఆపాలన్న మాటలో అర్థముంది. ఆపకుండా వదిలేస్తే ముందు పోయేది కూడా పేదవాడే. ఒకే గదిలో ఆరుగురు పడుకునే ఇంట్లో దూరం ఎక్కడ పాటిస్తారు? ప్రైవేటు ఆస్పత్రి బిల్లు ఎక్కడ కడతారు?

కాబట్టి "అన్నీ మూసేయండి" అన్నవాళ్లకు పేదవాడి ఆకలి కనబడలేదు. "అన్నీ తెరిచేయండి" అన్నవాళ్లకు పేదవాడి ఊపిరి కనబడలేదు. రెండు వాదనల్లోనూ పేదవాడు ఉదాహరణగా మాత్రమే పనికొచ్చాడు.

త్రాసులో ఎవరిని పెట్టారు?

ప్రాణం ఒక పళ్లెంలో, డబ్బు ఇంకో పళ్లెంలో పెట్టి తూచినట్టు ఈ చర్చ చేస్తారు. కానీ ఆ రోజుల్లో జరిగిన ఒక్క సంగతి చూస్తే ఆ త్రాసు ఎలాంటిదో తెలుస్తుంది.

మే 1న వలస కూలీల కోసం మొదటి ప్రత్యేక రైలు హైదరాబాదు పక్క లింగంపల్లి నుంచి జార్ఖండ్‌కు బయలుదేరింది. అంటే లాక్‌డౌన్ మొదలైన 37 రోజుల తర్వాత. కర్ణాటకలోనూ రైళ్లు మొదలయ్యాయి. అయితే మే 5న బిల్డర్లతో మాట్లాడిన తర్వాత రాష్ట్ర ప్రభుత్వం ఆ రైళ్లు వద్దని రైల్వేకు ఉత్తరం రాసింది. కూలీలు వెళ్లిపోతే కట్టడాలు ఆగుతాయి, ఆర్థిక వ్యవస్థ దెబ్బతింటుంది అన్నారు. దేశమంతా గగ్గోలు పుట్టింది. రెండు రోజులకు నిర్ణయం వెనక్కి తీసుకున్నారు.

చూడండి. మార్చిలో ఆరోగ్యం పేరు చెప్పి కూలీని కదలవద్దన్నారు. మేలో ఆర్థికం పేరు చెప్పి అదే కూలీని కదలవద్దన్నారు. కారణం మారింది, ఆగిపోయిన మనిషి మాత్రం మారలేదు. అందుకే మేము అంటున్నాం: ఆరోగ్యమా, ఆర్థికమా అన్నది రెండో ప్రశ్న. ఖర్చు ఎవరి వీపు మీద పెడుతున్నారన్నది మొదటి ప్రశ్న.

సాయం అసలు లేదని మేము అనడం లేదు. లాక్‌డౌన్ మొదలైన రెండో రోజే కేంద్రం 1.70 లక్షల కోట్ల పథకం ప్రకటించింది. రేషన్ కార్డు ఉన్నవాళ్లకు మనిషికి అయిదు కిలోల ధాన్యం ఉచితంగా ఇచ్చింది. ఆ ధాన్యం లేకపోతే మన ఊళ్లలో పరిస్థితి ఇంకెలా ఉండేదో. కానీ కార్డు ఊళ్లో, మనిషి బెంగుళూరులో. కార్డు లేని వలస కూలీలకు కూడా ధాన్యం ఇస్తామని ప్రకటించింది మే 14న. అప్పటికి 50 రోజులు గడిచాయి. ఖాళీ కడుపుతో 50 రోజులు ఎవరు ఆగగలరు? మే 6న రాష్ట్రం 1,610 కోట్ల సాయం ప్రకటించి మంగలివాళ్లకు, చాకలివాళ్లకు, ఆటో, టాక్సీ డ్రైవర్లకు అయిదేసి వేలు ఇస్తామంది. మంచిదే. ఆ జాబితాలో నాట్లు వేసే ఆడకూలీ పేరు వెతికాం. కనబడలేదు.

ఆకలి కూడా ఆరోగ్యం సంగతే

ఇంకో మాట. ఆరోగ్యాన్నీ ఆర్థికాన్నీ వేర్వేరు గదుల్లో పెట్టడమే తప్పు. క్షయ జబ్బు తీసుకోండి. 2019లో దేశంలో సుమారు 24 లక్షల మంది క్షయ రోగులు నమోదయ్యారు. 2020లో 18 లక్షలే. జబ్బు తగ్గలేదు, వెతికేవాళ్లు తగ్గారు. బస్సుల్లేక రోగులు ఆస్పత్రికి రాలేదు, సిబ్బంది అంతా కరోనా పనిలో ఉన్నారు. ఆ ఆరు లక్షల మంది ఇళ్లలో దగ్గుతూ, కూలి లేక తిండి తగ్గి, ఇంకొకరికి అంటించి ఉంటారు. ఇది ఆరోగ్య నష్టమా, ఆర్థిక నష్టమా?

బడులు చూడండి. కర్ణాటకలో ఒకటి నుంచి అయిదు తరగతుల పిల్లలకు బడి మళ్లీ తెరిచింది 2021 అక్టోబరు 25న. ఏడాదిన్నర దాటింది. అప్పటికి హోటళ్లు, సినిమా హాళ్లు, ఎన్నికల సభలు అన్నీ నడిచాయి. అజీం ప్రేమ్‌జీ సంస్థ 2021 ఆరంభంలో కర్ణాటకతో సహా అయిదు రాష్ట్రాల్లో పిల్లల్ని పరీక్షించి చూసింది. నూటికి 92 మంది అంతకుముందు వచ్చిన భాషా నైపుణ్యం కనీసం ఒక్కటైనా మరిచిపోయారని తేలింది. బడి మూస్తే మధ్యాహ్న భోజనం కూడా ఆగుతుంది. ఫోను ఉన్న ఇంటి పిల్లాడు ఫోనులో చదివాడు. ఫోను లేని ఇంటి పిల్లాడు పత్తి చేనికి పోయాడు. పిల్ల అయితే పెళ్లి మాటలు మొదలయ్యాయి.

లేఖనం ఏమంటోంది?

క్వారంటైన్ అనేది కొత్త మాట కావచ్చు, ఆ పని మాత్రం మన బైబిలులో ఉంది. లేవీయకాండము 13, 14 అధ్యాయాలు మనం సాధారణంగా గబగబా చదివి దాటేస్తాం. ఈసారి నిదానంగా చదవండి.

అంటే దేవుని ధర్మశాస్త్రం రోగాన్ని తేలిగ్గా తీసుకోలేదు. అనుమానం ఉన్నవాణ్ణి వేరుగా ఉంచమంది. "విశ్వాసముంటే జబ్బు అంటదు" అని ఆ రోజుల్లో మన మధ్య కొందరు ప్రచారం చేశారు కదా, వాళ్లు ఈ అధ్యాయాలు చదవలేదు. అయితే ఆ ఆజ్ఞలో మూడు సంగతులున్నాయి. మొదటిది, గడువు. ఏడు రోజులు వేరుగా ఉంచి మళ్లీ చూడాలి, కావాలంటే ఇంకో ఏడు రోజులు. చూడకుండా పొడిగించకూడదు. రెండోది, చూసేవాడు తానే వెళ్లాలి. శుద్ధి నాడు యాజకుడు పాళెం వెలుపలికి నడిచి రావాలి, రోగిని లోపలికి రమ్మనకూడదు. మూడోది, ఖర్చు. బాగైనవాడు అర్పణ తేవాలి, కానీ బీదవాడైతే గొర్రెపిల్లలు తగ్గించి గువ్వలు తెస్తే చాలు. ఆరోగ్య నియమం రాసినప్పుడే బీదవాడి చేతిలో ఎంత ఉందో చూసి రాశారు.

సంఖ్యాకాండము 12వ అధ్యాయం ఇంకా స్పష్టంగా చెబుతుంది. మోషే అక్క మిర్యాముకు కుష్ఠు వచ్చింది. ఏడు రోజులు పాళెం బయట ఉంచారు. అప్పుడు జనమంతా ఏం చేశారు? ఆమె తిరిగి లోపలికి వచ్చేదాకా ఎవరూ ప్రయాణం సాగించలేదు. లక్షలాది మంది, పిల్లలు, పశువులు, ఎడారి ఎండ. ముందుకు పోతే లాభముంది, ఆగితే నష్టముంది. ఒక్క మనిషి క్వారంటైన్ ఖర్చును పాళెమంతా పంచుకుంది.

మనం చేసింది తిరగేసి చూడండి. మనం లోపల కూర్చున్నాం, వాళ్లు ఎండలో నడిచారు. పాళెం ఆగింది తన కోసమే.

ద్వితీయోపదేశకాండము 24లో కూలివాడి కూలి సూర్యుడు అస్తమించకముందే ఇవ్వాలని ఉంది. అతను దాని మీదే బతుకుతున్నాడు గనుక. మత్తయి 20లో ద్రాక్షతోట యజమాని సాయంకాలం దాకా అడ్డా మీద నిలబడినవాళ్లకు కూడా పూర్తి రోజు కూలి ఇచ్చాడు. పని దొరకకపోవడం వాళ్ల తప్పు కాదు. ఇంటికి పోతే తిండి అందరికీ ఒక్కటే కావాలి. లాక్‌డౌన్ రోజు కూడా అలాంటి సాయంకాలమే. పని చేయనివ్వనిది మనం, కాబట్టి కూలి బాకీ మనది.

మన పెద్దల అనుభవం

ఈ లెక్క మన నేలకు కొత్త కాదు. 1876 నుంచి 78 దాకా వచ్చిన గొప్ప కరువులో బళ్లారి, కర్నూలు జిల్లాలు బాగా దెబ్బతిన్నాయి. 1877 ఆరంభంలో రిచర్డ్ టెంపుల్ అనే బ్రిటిషు అధికారి, ఖజానా ఖర్చు ఎక్కువవుతోందని కరువు పనుల్లో కూలీకి ఇచ్చే ధాన్యాన్ని మగవాడికి రోజుకు ఒక పౌనుకు తగ్గించాడు. అప్పటి మద్రాసు ఆరోగ్య శాఖ అధికారి కార్నిష్ అనే డాక్టరు, ఆ తిండితో బరువు పని చేసే మనిషి బతకడని ఎదిరించాడు. ఖజానాను కాపాడాలని ఒకరు, మనిషిని కాపాడాలని ఇంకొకరు. నూటయాభై ఏళ్ల కింద కూడా ఇదే వాదన.

అదే కరువులో ఒంగోలులో మిషనరీ జాన్ క్లౌ ఏం చేశాడో మన సంఘాల్లో చాలామందికి తెలుసు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తానే తీసుకున్నాడు. ఆకలితో వచ్చినవాళ్లకు పని ఇచ్చి కూలి ఇచ్చాడు. ఎక్కువమంది మాదిగలు. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. కరువు రోజుల్లో ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నం కోసం మతం మార్చారన్న మాట రాకూడదని. కరువు తీరాక, 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మనం ఆ అంకె గొప్పగా చెప్పుకుంటాం. దానికి ముందు తవ్విన కాలువ సంగతి తక్కువ చెప్పుకుంటాం.

క్లౌ చేసిన పని లాంటిదే మన కాలంలో ఉపాధి హామీ పథకం చేసింది. 2020 మేలో కేంద్రం దానికి 40,000 కోట్లు అదనంగా ఇచ్చింది. ఆ ఏడాది దేశంలో 11 కోట్లకు పైగా మనుషులు అందులో పని చేశారు. కర్ణాటకలో కూలి రోజుకు 275 రూపాయలు. బెంగుళూరు నుంచి తిరిగి వచ్చిన మనవాళ్లు ఎండలో చెరువు పూడిక తీసి ఇల్లు నడిపారు. దూరం దూరంగా నిలబడి, ఆరుబయట పని. ఆరోగ్యమూ కాపాడుకోవచ్చు, కూలీ ఇవ్వచ్చు అని అది చూపించింది. రెంటిలో ఒకటే ఎంచుకోవాలన్నది నిజం కాదని అక్కడే తేలిపోయింది.

మా తప్పు

ఇప్పుడు మా సంగతి. ప్రభుత్వాన్ని అనడం తేలిక.

ఆ వేసవిలో మేమూ బియ్యం, పప్పు పొట్లాలు కట్టి పంచాం. ఫోటోలు తీసుకున్నాం. పుచ్చుకునే ఆమె ముఖం కనబడేలా తీశాం. ఇప్పుడు ఆ ఫోటోలు చూస్తే సిగ్గు వేస్తుంది.

మాకు తెలిసిన ఒక బడి ఉంది, మనవాళ్లు నడిపేదే. ఫీజులు రాలేదని టీచర్లకు నెలల తరబడి సగం జీతం, ఆయాకు అసలు లేదు. మాలో ఇద్దరు ఆ కమిటీలో ఉన్నారు. లెక్కల పుస్తకం ముందుంచి "ఏం చేస్తాం, పరిస్థితి అలాంటిది" అన్నారు. బ్యాంకులో భవనం కోసం దాచిన డబ్బు ఉంది. దాన్ని ముట్టుకోవచ్చని ఎవరికీ తట్టలేదు. ఆ ఆయా ఆరు నెలల తర్వాత గుడిలో కనబడి, "అయ్యగారూ, నా కోసం ప్రార్థన చేశారంట, వందనాలు" అంది. ఆమె ఎగతాళి చేయలేదు. నిజంగానే అంది. ఆ మాట మమ్మల్ని ఇప్పటికీ వదల్లేదు.

రాష్ట్రం ఖజానాలో చేసింది మేము మా చిన్న పెట్టెలో చేశాం. ఆరోగ్యం కోసం బడి మూశాం, అది సరే. మూసిన ఖర్చు ఆయా మీద వేశాం, అది పాపం.

మళ్లీ వస్తే?

యువతకు మా మనవి ఇది. ఇలాంటి కాలం మళ్లీ వస్తే, మూయాలా తెరవాలా అని వాదించేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఆగమన్నవాడికి అన్నం ఎవరు పెడతారు, ఎన్నో రోజు నుంచి పెడతారు? గడువు ఎంత, గడువు తీరాక ఎవరు వచ్చి చూస్తారు? క్షయ రోగి, గర్భిణి, బడి పిల్లాడు లెక్కలో ఉన్నారా? ఖర్చులో మన వాటా ఎంత?

ఇవి అడగడానికి మహమ్మారి దాకా ఆగనక్కరలేదు. 2022లో రాయచూరు పట్టణంలోనే కలుషితమైన కుళాయి నీళ్లు తాగి మనుషులు చనిపోయారు. దానికి లాక్‌డౌన్ పెట్టరు, పైపులు బాగు చేయాలి. రాయచూరులో ఎయిమ్స్ ఆస్పత్రి పెట్టాలని 2022 మే 13న మొదలైన ధర్నా వెయ్యి రోజులు దాటింది. మన సంఘాల నుంచి ఎంతమంది వెళ్లి ఒక పూట కూర్చున్నాం? మామూలు రోజుల్లో ఆస్పత్రికి డబ్బు పెట్టని ప్రభుత్వాలే, జబ్బు వచ్చిన రోజు పేదవాణ్ణి ఇంట్లో కూర్చోమంటాయి.

మీ ఊళ్లో చేయగల పనులు కూడా ఉన్నాయి. గుళె వెళ్లినవాళ్లు ఎవరు, ఎక్కడున్నారు, మేస్త్రీ ఫోను నంబరు ఏది అని ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి. కట్టడం పని చేసేవాళ్లను కార్మికుల సంక్షేమ మండలిలో నమోదు చేయించండి. రేషన్ కార్డు ఏ ఊళ్లోనైనా పనిచేస్తుందో లేదో చూపించి రండి. ఉపాధి హామీ పని కోసం గ్రామ పంచాయితీలో అర్జీ పెట్టి రసీదు అడగండి. సంఘం పెట్టెలో ప్రతి నెలా కొంత, కూలి ఆగిన రోజు కోసమే పక్కన పెట్టండి. గుడి గోడ కంటే ముందు అది. కన్నడం వాళ్లా, తెలుగు వాళ్లా, మన మతమా, వేరే మతమా అని చూడవద్దు. 2020లో ఒక మతంవాళ్ల మీద జబ్బు నింద వేసినప్పుడు మనలో చాలామందిమి నోరు మెదపలేదు. ఆ మౌనం కూడా మన ఖాతాలో ఉంది.

ముగించేముందు రాజులు రెండవ గ్రంథము 7వ అధ్యాయం గుర్తు చేస్తాం. షోమ్రోనులో కరువు. పట్టణ ద్వారం బయట నలుగురు కుష్ఠరోగులు. లోపలివాళ్లు వాళ్లను బయట ఉంచారు, తిండి పెట్టలేదు. వాళ్లు శత్రువు పాళెంలోకి వెళ్లి చూస్తే అందరూ పారిపోయారు, అన్నం కుప్పలుగా ఉంది. తిన్నారు, తాగారు. తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఇది మంచి రోజు, మనం ఊరుకుంటే తప్పు అనుకున్నారు. వెనక్కి వచ్చి, తమను బయట ఉంచిన పట్టణానికే ఆ వార్త చెప్పారు. ఆ రాత్రి ఊరు బతికింది.

బెంగుళూరు నుంచి నడిచి వచ్చినవాళ్లు మళ్లీ బెంగుళూరుకు వెళ్లి మనకోసం ఇళ్లు కడుతున్నారు. మన పొలాల్లో నాట్లు వేస్తున్నారు, మనకు అన్నం పెడుతున్నారు. మనం వాళ్ల కోసం ఏడు రోజులు ఆగలేకపోయాం. ఈసారి ఆగుదాం. మిర్యాము లోపలికి వచ్చేదాకా పాళెం కదలకూడదు.

ప్రభువు మనకు ఆ మనసు ఇచ్చును గాక.